ఆఖరి షికారు ఏ రోజు?

మినెసోటాలో జెట్ స్కీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏటా ఒక ఆఖరి షికారు జరుగుతుంది. అదే ఆఖరిదని ఆ రోజు ఎవరికీ తెలియదు. సెప్టెంబరు నెలాఖరు ఆదివారం. ఎండ బాగుంది, సరస్సు అద్దంలా ఉంది, పిల్లలు తడిసి ముద్దై ఇల్లు చేరారు. బండిని ట్రెయిలర్‌తో సహా గ్యారేజీలోకి తోసేసి, వచ్చే వారం ఇంకోసారి వెళ్దాం అనుకున్నారు. వచ్చే వారం వాన పడింది. ఆపై వారం బతుకమ్మ. ఆ తర్వాత ఆఫీసులో రిలీజు, పిల్లాడికి జ్వరం. ఈలోగా రాత్రులు సున్నా డిగ్రీల కిందికి జారిపోయాయి. ఇంజిన్ లోపల, ఎవరి కంటికీ ఆనని ఒక మలుపులో, అరగ్లాసు నీళ్లు అలాగే ఉండిపోయాయి.

ఏప్రిల్ దాకా ఆ సంగతి బయటపడదు.

బండి కొన్న వాళ్లలో చాలామందికి ఇలా జరిగేది చలికాలం ముందు ఏం చేయాలో తెలియక కాదు. బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మలతో సహా ఉంటుంది. వాళ్ల దగ్గర లేనిది తేదీ. ఫలితం ఆరు నెలల తర్వాత, అదీ ‘ఏమీ చెడిపోలేదు’ అనే రూపంలో మాత్రమే కనిపించే పనికి మనిషి తనంతట తాను పూనుకోడు. అందుకే మొదటి మెట్టు పానా పట్టుకోవడం కాదు, క్యాలెండర్ తీయడం.

తేదీ ఏది పెట్టుకోవాలన్నది స్థలాన్ని బట్టి ఉంటుంది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల వాళ్లకు 1991 హాలోవీన్ ఇప్పటికీ గుర్తే. ఆ అక్టోబరు 31న మొదలైన మంచు తుపాను నవంబరు 3 దాకా వదల్లేదు. జంటనగరాల మీద 28.4 అంగుళాల మంచు కురిసింది. ఆ ఏడాది దీపావళి ఇంకా రానే లేదు. కాబట్టి అక్కడి తెలుగువాళ్లు పండగ గుర్తు పెట్టుకోవాలనుకుంటే దీపావళి కాదు, దసరా పెట్టుకోవాలి. దసరా నాటికి షికార్లు బంద్. ఆ తర్వాత వచ్చే మొదటి శనివారం బండి పని. ఆ శనివారం తర్వాత ఎంత మంచి ఎండ కాసినా బండి నీళ్లలోకి దిగదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ‘ఇంకొక్కసారి’ అనే మాటకే చాలా ఇంజిన్లు బలయ్యాయి.

వెచ్చటి ఊళ్లలో ఉన్నవాళ్లు దీన్ని చదివి నవ్వుకోవచ్చు. 2021 ఫిబ్రవరి దాకా టెక్సస్‌లో చాలామంది అలాగే నవ్వుకున్నారు. ఆ నెల 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. కరెంటు పోయింది, ఇళ్లలో నీళ్ల పైపులు పగిలాయి. ఇంటి గోడల మధ్య ఉన్న పైపులే ఆగలేదంటే గ్యారేజీలో ఉన్న బండి మాట చెప్పేదేముంది? ‘మా గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది, అంత చల్లబడదు’ అనే ధీమా హీటర్ నడిచినంతసేపే. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 33 నమోదైంది. అలాంటి రాత్రి కరెంటు గంటసేపు పోయినా గ్యారేజీ గోడ పెద్ద అడ్డేమీ కాదు.

నీళ్లకు అంత బలమేమిటని అడిగేవాళ్లు ఒకసారి డీప్ ఫ్రిజ్‌లో మరిచిపోయిన గోలీసోడాను గుర్తు చేసుకోవాలి. చాలా ద్రవాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. నీళ్లు మాత్రం ఉబ్బుతాయి, సుమారు 9 శాతం. తప్పించుకునే దారి ఉంటే ఆ ఉబ్బు అటు పోతుంది, లేకపోతే గోడనే దారి చేసుకుంటుంది. 1784, 85 చలికాలాల్లో క్విబెక్‌లో ఉన్న బ్రిటిష్ ఫిరంగిదళం అధికారి మేజర్ ఎడ్వర్డ్ విలియమ్స్ దీన్ని సరదాగా పరీక్షించి చూశాడు. ఫిరంగుల్లో పేల్చే బోలు ఇనప గుండ్లను నీళ్లతో నింపి, కన్నానికి బిరడా దిగ్గొట్టి, రాత్రి ఆరుబయట వదిలేశాడు. గడ్డకట్టే నీళ్లు బిరడాను వందల అడుగుల దూరం విసిరికొట్టాయి. బిరడా ఊడకుండా బిగించిన చోట గుండే పగిలి, ఆ పగుల్లోంచి మంచు రెక్కలా పొడుచుకొచ్చింది. అది మందంగా పోతపోసిన ఇనుము. జెట్ స్కీ ఇంజిన్ బ్లాకు అల్యూమినియం.

క్విబెక్‌తో ఈ బండ్లకు ఇంకో బంధుత్వం కూడా ఉంది. మోటోక్రాస్ రేసర్ క్లేటన్ జేకబ్సన్ ఆలోచనతో బొంబార్డియర్ కంపెనీ 1968లో ‘సీడూ’ పేరుతో తొలి నీటి బండిని తెచ్చింది. ఆ కంపెనీ పుట్టిల్లు క్విబెక్‌లోని వాల్కూర్ అనే చిన్న ఊరు. దాని అసలు పేరుప్రతిష్ఠలు 1959 నుంచి అమ్ముతున్న ‘స్కీడూ’ మంచు బండివి. సీడూ కొద్దికాలానికే మూలపడి మళ్లీ 1988లో కొత్త రూపంలో వచ్చింది. ఈ మధ్యలో, 1973లో, కవాసకీ తన ‘జెట్ స్కీ’ని బజారులోకి దించింది. అది ఆ కంపెనీ ట్రేడ్‌మార్కు. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు జనం అన్ని నీటి బండ్లనూ అదే పేరుతో పిలుస్తున్నారు. మంచులో పుట్టి పెరిగిన కంపెనీ తయారు చేసినా బండికి మాత్రం మంచు పడదు.

దానికి కారణం బండి నడిచే తీరులోనే ఉంది. కింద ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం సరస్సు నీటిని లాక్కుని వెనక నుంచి బలంగా చిమ్ముతుంది, బండి ముందుకు దూకుతుంది. ఆ నీటిలోనే కొంత పక్కకు మళ్లించి వేడెక్కే భాగాలను చల్లబరుస్తారు. యమహా, కవాసకీ బండ్లలో ఎక్కువగా ఆ సరస్సు నీళ్లే ఇంజిన్ అంతా తిరిగి బయటికి పోతాయి. ఇప్పటి సీడూ బండ్లలో ఇంజిన్‌కు కార్లలో లాగా మూసి ఉన్న కూలెంట్ ఉంటుంది, కానీ పొగగొట్టం వైపు మాత్రం సరస్సు నీళ్లే పారతాయి. సూపర్‌ఛార్జర్ ఉన్న కొన్ని పాత మోడళ్లలో ఇంటర్‌కూలర్ కూడా అంతే. ఈ తేడా తెలియకుండా పక్కింటాయన చేసినట్టు చేయబోతే తిప్పలే. పక్కింటాయనది యమహా కావచ్చు.

మినెసోటాలోని మేపుల్ గ్రోవ్‌లో ఉండే ఒక తెలుగు ఇంజనీరును ఊహించుకుందాం. అతనిది సీడూ. రాజమండ్రి నుంచి మామగారు, అత్తగారు వేసవికి వచ్చి, నవంబరులో వెనక్కి వెళ్లబోతున్నారు. దసరా వెళ్లిన శనివారం పొద్దున్నే అతను పని మొదలుపెట్టాడు. నిజానికి మొదలుపెట్టింది అంతకు ముందే, ఆఖరి షికారు రోజు పెట్రోలు బంకులోనే. ఆ పూట ట్యాంకును దాదాపు నింపి, అందులో పెట్రోలు చెడకుండా ఉంచే ఫ్యూయల్ స్టెబిలైజర్ అనే మందు కలిపి, అప్పుడు బండిని సరస్సులో దింపాడు. పది నిమిషాలు తిరిగితే చాలు, మందు కలిసిన పెట్రోలు పైపులు దాటి ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. గ్యారేజీలో పెట్టాక ట్యాంకులో మందు పోసి మూత బిగిస్తే అది ట్యాంకుకే పరిమితం. అమెరికాలో దొరికే మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్నది హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, సరిగ్గా పంపు పీల్చుకునే చోటికి. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, కాబట్టి తేమా ఎక్కువ. ఇక 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలును పడవలకు వాడటాన్ని అక్కడి పర్యావరణ సంస్థ నిషేధించింది. బంకులో చవగ్గా ఉందని ఆ గొట్టం అందుకోకూడదు.

ఇక శనివారం పని. మొదట లోపలి మార్గాలను మంచినీళ్లతో కడగాలి. బండి వెనక ఉండే ఫ్లషింగ్ కనెక్టరుకు తోట నీళ్ల పైపు తగిలిస్తారు. ఈ ఒక్క దగ్గర వరస తప్పితే మిగతా పనంతా దండగ. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాతే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు తలకిందులు: ముందు కుళాయి కట్టేయాలి, తర్వాత ఇంజిన్ ఆపాలి. ఇంజిన్ నడుస్తుంటే పొగ వేగం నీళ్లను బయటికి నెట్టేస్తూ ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉండగా నీళ్లు వదిలితే పొగగొట్టంలో నిండి, వెనక్కి ఎక్కి, సిలిండర్లలోకి దిగుతాయి. గాలిని నొక్కగలిగిన పిస్టన్ నీళ్లను నొక్కలేదు. ఆ స్థితిలో స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గ్యారేజీ గోడ మీద ఈ వరసను మార్కర్‌తో రాసి పెట్టుకునేవాళ్లను చూసి నవ్వనక్కర్లేదు.

నేల మీద ఉన్నప్పుడు ఇంజిన్‌ను ఎక్కువసేపు నడపడం కూడా మంచిది కాదు. డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ ఉండే సీలు సరస్సు నీళ్లతోనే చల్లబడుతుంది. పైపు నీళ్లు దాని దాకా రావు. ఎన్ని నిమిషాలన్నది ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది, అంతే నడపాలి. కుళాయి కట్టేశాక రెండు మూడుసార్లు యాక్సిలరేటర్‌ను చటుక్కున నొక్కి వదిలితే మిగిలిన నీళ్లు తుంపర్లుగా బయటపడతాయి.

విశాఖ రుషికొండ బీచ్‌లో జెట్ స్కీలు అద్దెకు నడిపేవాళ్లకు చలితో పనిలేదు గానీ ఈ కడుగుడు పని మాత్రం వాళ్లకూ తప్పదు. అక్కడి శత్రువు ఉప్పు. మినెసోటా వాళ్లు ఏడాదికొకసారి పట్టించుకున్నా గడిచే పనిని సముద్రం దగ్గర రోజూ చేయాలి.

తర్వాత వచ్చేది గులాబి రంగు యాంటీఫ్రీజ్. ఇంజనీరు రెండు గ్యాలన్ల డబ్బాలు తెచ్చి, చిన్న పంపుతో ఎక్కించడానికి సిద్ధమవుతుంటే మామగారు కాఫీ కప్పుతో గ్యారేజీలోకి వచ్చారు.

“ఏంటి అల్లుడుగారూ, బండికి రోజ్‌మిల్క్ పట్టిస్తున్నారు?”

“చలికి లోపల గడ్డకట్టకుండా అండీ. వెనక నుంచి ఇదే రంగు కారేదాకా ఎక్కించాలి.”

“మా నాన్నగారు గేదెకి వెదురుగొట్టంతో కషాయం పట్టినట్టే ఉంది. అది మాత్రం ఇలా నిలబడేది కాదు.”

కారే రంగును చూడమనడంలో కిటుకుంది. మొదట వచ్చేది లోపల మిగిలిన నీళ్లు. తర్వాత పలచటి గులాబి. అక్కడ ఆపేస్తే లోపల ఉన్నది మందు కాదు, మజ్జిగ. డబ్బాలో ఉన్నంత చిక్కటి రంగు కారినప్పుడే ఆపాలి. ఇక్కడ కూడా పాత వరసే: ఇంజిన్ ముందు, ద్రవం తర్వాత; ద్రవం ఆపాక ఇంజిన్ ఆపడం. కింద ఒక తొట్టి పెట్టి కారినదాన్ని పట్టుకోవాలి.

ఆ గులాబి రంగు ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్. కార్లలో ఎక్కువగా వాడేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, విషం. నేల మీద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. అందుకే ఇలా బయటికి కారిపోయే పనికి గులాబి రంగుదే నయం. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే మైనస్ 50 ఫారెన్‌హీట్ అంకెను మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి. దాదాపు మైనస్ 46 సెల్సియస్ దాకా పైపులు పగలవని దాని అర్థం. అప్పటిదాకా నీళ్లలా పారుతూ ఉంటుందని కాదు. అంతకు చాలా ముందే అది రంగు ఐస్ తురుములా తయారవుతుంది. తురుము పక్కకు జరగగలదు, గోడను బద్దలుకొట్టదు. గ్లైకాళ్లలో ఇంకో తమాషా ఉంది. ఇథిలీన్ గ్లైకాల్ ఒక్కటే ఉంటే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. సగానికి సగం నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. అందుకని సీడూలో మూసి ఉన్న కూలెంట్‌ను ‘చిక్కగా ఉంటే మంచిది’ అని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. టెస్టర్‌తో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇంజిన్ ఇంకా వెచ్చగా ఉండగానే ఆయిల్ మార్చాలి. వేసవంతా తిరిగిన నూనెలో తేమ, ఆమ్లాలు చేరి ఉంటాయి. వాటిలో బేరింగులను ఆరు నెలలు నానబెట్టే బదులు కొత్త నూనెలో ఉంచడం మేలు. చాలామంది వసంతంలో మారుస్తారు. డబ్బు అంతే, లాభం సగం.

నడపాల్సిన పనులన్నీ అయ్యాక చివర్లో ఫాగింగ్ ఆయిల్. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లోకి ఆ స్ప్రే కొట్టి, ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వకుండా తిప్పాలి. ఇంజెక్షన్ ఉన్న చాలా మోడళ్లలో యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కిపట్టి స్టార్ట్ బటన్ నొక్కితే పెట్రోలు రాకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుంది. సిలిండర్ గోడల మీద నూనె పొర పరుచుకుంటుంది, తుప్పు పట్టదు. దీని తర్వాత ‘ఒకసారి చూద్దాం’ అని స్టార్ట్ చేస్తే ఆ పొర కాలిపోయి పని మొదటికొస్తుంది.

బ్యాటరీ సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పి, ఇంట్లో పొడిగా ఉన్న చోట పెట్టి, ఛార్జి దిగకుండా చూసే మెయింటెయినర్ తగిలించడమే. పూర్తిగా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్‌కు కూడా గడ్డకట్టదు. ఛార్జి దిగిపోయినది మైనస్ 7కే గడ్డకట్టగలదు. ఛార్జి దిగేకొద్దీ లోపలి ఆమ్లం నీళ్లలా పలచబడటమే కారణం.

ఇక ఒంటి పని. మామగారు అప్పటికి చేతులు మడిచి దిగారు. ఇద్దరూ టార్చి వేసి కిందనుంచి చూశారు. ఇంపెల్లర్ రెక్క అంచున గోరు పట్టేంత నొక్కు. షాఫ్ట్ చుట్టూ ఏదో మెరుస్తోంది. లాగితే ఎవరో వదిలేసిన గాలం దారం, మూరెడు పైనే వచ్చింది. ఆ దారం అలాగే తిరుగుతూ ఉంటే సీలును కోసేస్తుంది. అది బయటపడే సమయం ఇదొక్కటే, వేసవిలో బండి కింద పడుకుని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. గడ్డి, బురద కడిగి, వెనకనున్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పి, ట్రెయిలర్ ముక్కును కాస్త పైకెత్తి వదిలేశారు. మినెసోటాలో ఆ ప్లగ్గులు విప్పడం చట్టం కూడా. రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు అవి ఊడదీసి ఉండాలి. జీబ్రా మసెల్ అనే పొట్టి ఆల్చిప్పలు సరస్సు నుంచి సరస్సుకు బండ్లలోని నీళ్లతో పాకకుండా పెట్టిన నియమం అది.

తర్వాత తేమ వేట. సీటు ఎత్తి, అరల్లోని లైఫ్ జాకెట్లు, తువ్వాళ్లు తీసేసి, అడుగున ఉన్న చెమ్మను పాతబట్టతో అద్దారు. ఆవకాయ జాడీని ఎండలో పెట్టి, పొడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే ముక్కలు కలిపే అత్తగారికి ఈ పని అప్పగిస్తే ఇంకా బాగా జరిగేదేమో. ఆవిడ తడి గరిటెను గుమ్మం కూడా దాటనివ్వరు. సీటును పూర్తిగా మూయకుండా కింద చిన్న చెక్కముక్క పెట్టి గాలి ఆడనివ్వాలి. పైన కప్పేది కూడా గాలి ఆడే గుడ్డ కవరే. బిగుతుగా చుట్టిన ప్లాస్టిక్ షీటు లోపలి చెమ్మను లోపలే దాచి బూజు పెంచుతుంది.

ఎలుకలు మరో గొడవ. ఎయిర్ ఫిల్టర్ పెట్టె వాటికి రెడీమేడ్ పురిటిల్లు, వైర్ల తొడుగు పిల్లలకు చిరుతిండి. పొగగొట్టానికి, గాలి లోపలికి వెళ్లే దారులకు రాగి జాలీ కుక్కుతారు. ఇనప పీచు అయితే తుప్పు పడుతుంది. కుక్కిన ప్రతి చోటుకూ గుర్తుగా ఎర్ర రిబ్బను కట్టి హ్యాండిల్ దాకా లాగాలి. లేకపోతే వసంతంలో మూసుకుపోయిన గొట్టంతోనే ఇంజిన్ స్టార్ట్ చేసే ఘనులు ఉంటారు.

ఇంజనీరు చివరగా చేసిన పని రెండు నిమిషాలది. విప్పిన డ్రెయిన్ ప్లగ్గులను జిప్ కవర్లో వేసి బండి తాళంచెవికే కట్టాడు. ప్లగ్గులు బిగించకుండా బండిని నీళ్లలోకి దింపేవాళ్లు ప్రతి వసంతంలోనూ కనిపిస్తారు. బండి అడుగు నుంచి నీళ్లు తాగుతూ ఒడ్డునే కుంగిపోతుంది. తర్వాత మాస్కింగ్ టేపు మీద రాసి హ్యాండిల్‌కు అంటించాడు: ‘ఆయిల్ కొత్తది. బ్యాటరీ బేస్‌మెంట్‌లో. జాలీ మూడు చోట్ల. ఇంపెల్లర్ నొక్కు చూపించాలి.’ ఆరు నెలల తర్వాత దీన్ని చదవబోయే మనిషికి ఈ శనివారం సంగతి ఒక్కటీ గుర్తుండదని అతనికి పాత అనుభవం.

మినెటొంకా సరస్సు మీద మంచు మామూలుగా ఏప్రిల్ మధ్యకు కరుగుతుంది. ఆ వారం అతను కవరు తీసి, రిబ్బన్లు లెక్కపెట్టి మూడు జాలీలూ లాగేశాడు. బ్యాటరీకి పాజిటివ్ ముందు, నెగెటివ్ తర్వాత తగిలించాడు. ప్లగ్గులు బిగించాడు. రాజమండ్రిలో అప్పటికి రాత్రి, మామగారు వీడియో కాల్‌లో ఉన్నారు. స్టార్ట్ నొక్కగానే తెల్లటి పొగ గ్యారేజీ ముందంతా కమ్మేసింది.

“అయ్యో, పొగేంటి అల్లుడుగారూ?”

“మీ ముందే కొట్టిన నూనె కదండీ. రెండు నిమిషాల్లో పోతుంది.”

“సరే గానీ, నీళ్లు ఇంకా తిప్పలేదే?”

“ఇప్పుడు తిప్పుతానండీ,” అని అతను కుళాయి దగ్గరికి నడిచాడు.